అపామియా నాణెంపై నూహ్ ఓడ

ఫ్రిజియాలోని గ్రీకు నగరం అపామియా. నేటి తుర్కీలోని దీనార్ పట్టణం వద్ద ఉండేది. దానికి 'కిబోతోస్', అనగా పెట్టె, అని మారుపేరు. రోమను చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ (క్రీ.శ. 193–211) కాలం మొదలు ఆ నగరం ముద్రించిన కొన్ని కంచు నాణేలపై పెట్టెలో నిలిచిన దంపతులు, రెమ్మ తెస్తున్న పక్షి కనిపిస్తారు. పెట్టెపై గ్రీకు లిపిలో 'నోయె' అని ఉంది. అది హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) నామమే. క్రీ.పూ. 1వ శతాబ్దంలోనే అక్కడ యూదులున్నారు. వారి గాథే నాణేనికెక్కిందని పండితుల అభిప్రాయం.

అయితే దీన్ని దివ్య ఖుర్ఆన్‌కు సాక్ష్యంగా చూపడం తొందరపాటు. నాణెంపై ఆయన భార్య ఓడలో రక్షణ పొందింది. ఖుర్ఆన్ (66:10) ఆమెను నరకవాసులలో చేర్చింది. నాణెం తెలిపేది ఒక నగర ప్రజల విశ్వాసాన్ని మాత్రమే. సత్యానికి గీటురాయి అల్లాహ్ వాక్కే.