తారుమారయ్యే తేదీలు

సాల్మియాలోని తెలుగు కుటుంబాలకు కంఠతా ఉండే తేదీలు రెండు: పిల్లల పుట్టినరోజు, అకామా గడువు ముగిసే రోజు. సభ్యుల వివరాలను కంప్యూటరులో భద్రపరచదలచిన ఏ సంఘమైనా ఈ రెండింటినీ నమోదు చేసుకొనడం సహజం. వందలాది పేర్లను ఒక్కొక్కటిగా టైపు చేయడం విసుగు గనుక, వీబీస్క్రిప్టులోనో పైథాన్‌లోనో పది పన్నెండు పంక్తులు వ్రాసి, జాబితాను మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వంటి డేటాబేసులోనికి ఎక్కించడం తేలిక మార్గం.

ఆ స్క్రిప్టు ఒక్కొక్క సభ్యుని వివరాలు చదివి, వాటిని కూర్చి ఎస్‌క్యూఎల్ భాషలో ఒక ఆజ్ఞావాక్యం తయారుచేస్తుంది. అందులో తేదీని రెండు # గుర్తుల నడుమ ఉంచాలి. చిక్కు ఇక్కడే ఉన్నది. కువైట్‌లోనూ, మన దేశంలోనూ 05/06 అంటే జూన్ 5. యాక్సెస్ మాత్రం, కంప్యూటరులో ఏ దేశపు అమరిక ఉన్నప్పటికీ, ఆజ్ఞావాక్యంలోని తేదీని అమెరికా పద్ధతిలో నెల ముందుగా చదివి, మే 6 అని వ్రాసుకొంటుంది. 13/06 అని ఇస్తే, పదమూడవ నెల లేదు గనుక జూన్ 13 అని సరిగానే గ్రహిస్తుంది. ఈ అతితెలివే ప్రమాదకరం. అన్ని తేదీలూ తప్పితే మొదటి రోజే ఎవరైనా పసిగట్టి ఉందురు!

సంవత్సరంలో రోజు సంఖ్య 12కు మించని తేదీలు 144. వీటిలో 01/01, 02/02 వంటి పన్నెండు ఎటు చదివినా ఒకటే. మిగిలిన 132 తేదీలు, అనగా మూడింట ఒక వంతుకు పైగా, చడీచప్పుడు లేకుండా తారుమారవుతాయి. మార్చి 11న ముగిసే అకామా నవంబరు 3 కింద చేరితే, గుర్తుచేయవలసిన ఉత్తరం వెళ్ళేసరికి జరిమానా రోజురోజుకూ పెరుగుతూ ఉంటుంది.

తేదీని సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో వ్రాయడం ఒక పరిష్కారం. 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పినది ఈ వరుసనే. అంతకన్న మేలైనది, ఆజ్ఞావాక్యంలో ఖాళీ స్థానాలు మాత్రమే ఉంచి, విలువలను పారామీటర్లుగా విడిగా అందించడం. అప్పుడు తేదీ అక్షరాల గుంపుగా కాక తేదీగానే చేరుతుంది. డి'సౌజా వంటి పేర్లలోని చిన్న గుర్తు వాక్యాన్ని మధ్యలో తెంచడమూ ఉండదు. (ఆ పొరపాటు కొంత నయం, స్క్రిప్టు అక్కడే ఆగి మొరపెట్టుకొంటుంది.)

ఇదివరకే ఎక్కించిన జాబితాల మాటేమిటి? కువైట్ సివిల్ ఐడీలోని 12 అంకెలలో మొదటిది శతాబ్దాన్ని సూచిస్తుంది: 1900ల వారికి 2, 2000ల వారికి 3. తరువాతి ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, రోజు. 2750605తో మొదలయ్యే సంఖ్య గలవారు 1975 జూన్ 5న జన్మించినవారు. డేటాబేసులో ఆ వ్యక్తికి మే 6 అని కనిపిస్తే, అదే స్క్రిప్టు ఎక్కించిన తేదీలన్నీ అనుమానించదగినవే. అకామా గడువును ఈ సంఖ్య చెప్పదు. దానిని మాత్రం కార్డు చూసి, ఒక్కొక్కటిగా దిద్దుకొనవలసినదే.