అడిగితే సీటు పోదు

అమ్మాయికి విదేశంలో పీజీ సీటు వచ్చిందంటే మా శృంగవరపుకోటలో ఆ కబురు సాయంత్రానికల్లా నాలుగు వీధులూ చుట్టేస్తుంది. స్వీట్లు పంచే హడావిడిలో ఆఫర్ లెటర్ చివరి పేరా ఎవరి కంటా పడదు. 'సీటు ఖాయం చేసుకోవడానికి ఫలానా తేదీలోగా ఇంత డిపాజిట్ కట్టండి' అని ఉండేది అక్కడే. అసలు చిక్కూ అక్కడే.

మా అక్క కూతురికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చినప్పుడు అడిగిన డిపాజిట్ 500 డాలర్లు. మన లెక్కలో నలభై వేల పైమాటే. గడువు మార్చి 31. చిన్న బట్టల కొట్టు మీద బతికే మా బావగారికి అది చిన్న మొత్తమా? పైగా ఇంకో యూనివర్సిటీ నుంచి జవాబు రావలసి ఉంది. అక్కడ అసిస్టెంట్‌షిప్ దొరుకుతుందేమోనని ఆశ. ఇక్కడ కట్టేశాక అక్కడ రమ్మంటే? కట్టకుండా ఆగితే, రెండూ పోతే?

"గాజులు బ్యాంకులో పెట్టేద్దునా?" అంటుంది అక్క. "ఈవేళ కట్టకపోతే సీటు ఇంకొకరికి పోద్ది" అని కన్సల్టెన్సీ కుర్రాడి ఫోన్లు. యూనివర్సిటీనే అడగవే అంటే పిల్ల జంకింది. "డబ్బుల్లేవనుకుని సీటు తీసేస్తారేమో పిన్నీ!"

చూశారా! చీర కొంటే రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతాం. ఇంత సొమ్ము కడుతూ తిరిగొస్తుందా అని అడగడానికి మాత్రం మొహమాటం.

ఇద్దరం కూర్చుని అడ్మిషన్ ఆఫీసుకి నాలుగు ప్రశ్నలు రాశాం. డిపాజిట్ మొదటి సెమిస్టర్ ఫీజులో తగ్గిస్తారా? వీసా రాకపోతే తిరిగిస్తారా? మేమే మానుకుంటే? గడువు కొంచెం పెంచుతారా? మూడో రోజున జవాబు వచ్చింది. ఫీజులో తగ్గిస్తారట. వీసా నిరాకరించిన కాగితం చూపిస్తే తిరిగిస్తారట. మనసు మార్చుకుంటే మాత్రం ఇవ్వరట. గడువు ఏప్రిల్ 20కి పెంచారు. సీటు ఎక్కడికీ పోలేదు!

అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒప్పుకున్న కట్టుబాటు ఒకటుంది. ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ లాంటి ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పి తీరాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. సాయం లేకుండా సీటు మాత్రమే ఇస్తే ఇది వర్తించదు. అప్పుడు గడువు అడిగి పెంచుకోవలసిందే.

డిపాజిట్‌తో ఖర్చు తీరదని కూడా ముందే లెక్క వేసుకోండి. సెవిస్ ఫీజు 2019 నుంచి 350 డాలర్లు. వీసా దరఖాస్తు రుసుము 2023 జూన్ నుంచి 185 డాలర్లు. వీసా రాకపోయినా ఈ రెండూ తిరిగి రావు.

మన దేశంలో చదివే పిల్లలకూ ఈ జాగ్రత్త అవసరమే. యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే ఫీజు మొత్తం తిరిగివ్వాలి. అందులో 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా మాత్రమే పట్టుకోవచ్చు. ఆలస్యమైన కొద్దీ వచ్చేది తగ్గుతుంది. ఆఖరి తేదీ దాటి 30 రోజులు గడిస్తే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా చూసి వెంటనే ఇచ్చేయాలి తప్ప కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు.

ఇంకో మాట. ఫోన్‌లో ఎవరో పంపిన ఖాతాకి డబ్బు వేయకండి. యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో చూపిన దారిలోనే కట్టండి. రసీదూ, వాళ్లిచ్చిన జవాబూ ప్రింటు తీసి సర్టిఫికెట్లతో పాటు దాచండి. నోటిమాటకి విలువ లేదు.

రెండో యూనివర్సిటీ ఏప్రిల్ రెండో వారంలో జవాబిచ్చింది. సీటుంది, అసిస్టెంట్‌షిప్ లేదు. మొదటిదే ఖాయం చేసుకున్నాం. అప్పటికి కొట్లో ఉగాది అమ్మకాల డబ్బు చేతికొచ్చింది. అక్క గాజులు అక్క చేతికే ఉన్నాయి.