అరచేతిమీద స్పోర్ట్సు కారు

తాటిబుర్రలను పుల్లకు గ్రుచ్చి, బండిగా చేసి, వీధుల వెంట దొర్లించుకొనని బాలురు ఒకప్పుడు మన పల్లెలలో అరుదు. ఆ బండి ఏ బండిని పోలియున్నదని ఎవ్వరును అడుగలేదు. దొర్లిన చాలును, అది ఆటవస్తువు. మనమిప్పుడు ముచ్చటింపబోవునది ఆటవస్తువు కాదు, నమూనా. నమూనా కదలకున్నను లోపము లేదు. అసలు వస్తువును ఉన్నదున్నట్లు చూపుటయే దాని ధర్మము. ప్లాస్టిక్కు భాగములను ఒక్కటొక్కటిగా అతికి, రంగువేసి, మెరుగుపెట్టి ఒక స్పోర్ట్సు కారును నిర్మించుట ఎట్లో, అందు నిజమైన కష్టము ఎక్కడ నున్నదో పరిశీలింతము.

ఉదాహరణకు జాగ్వార్ ఈ-టైప్ కారును తీసికొందము. ఇది 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనమునందు తొలిసారి లోకమునకు కనిపించెను. దీని రూపమును తీర్చిన మాల్కం సేయర్ అంతకుముందు విమాన నిర్మాణ సంస్థలో పనిచేసినవాడు. గాలి ఒరిపిడిని తగ్గించుటకై ఆయన వంపులను గణితముతో నిర్ణయించెను. అందుచేత ఈ కారు దేహమున చదునైన చోటు దాదాపు కానరాదు. దీని నిడివి సుమారు 4.45 మీటర్లు. ఒక అడుగును అర అంగుళముగా కుదించిన, అనగా 24వ వంతు చేసిన, ఆ నిడివి 18.5 సెంటీమీటర్లగును. వెడల్పు 7 సెంటీమీటర్లకు లోపే.

ఇందొక చిక్కు కలదు. కారు 24వ వంతగును, చక్రము 24వ వంతగును. కాని రంగుపొర తనంతట తగ్గదు. ధూళికణము తగ్గదు. మన వ్రేలిముద్రయు తగ్గదు. నిజమైన కారుపై రంగుపొరలన్నియు కలిసి ఇంచుమించు మిల్లీమీటరులో పదవ వంతు మందముండును. నమూనాపై అంతే మందము పూసితిమా, అది నిజమైన కారుపై 2.4 మిల్లీమీటర్ల పూతతో సమానము! తలుపునకును దేహమునకును నడుమ 4 మిల్లీమీటర్ల సందున్నదనుకొందము. నమూనాలో అది మిల్లీమీటరులో ఆరవ వంతు. రంగు కొంచెము చిక్కనైనచో ఆ సందు పూడిపోవును; తలుపు గోడలో కలిసిపోవును. ఈ లెక్క మనస్సున నిలిచిన వారికి తక్కిన పనిలోని నియమములన్నియు సులభముగా బోధపడును.

మొదట పదార్థమును తెలిసికొందము. ఈ భాగములు పాలిస్టైరీను అను ప్లాస్టిక్కుతో చేసినవి. దానిని కరగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చులలోనికి ఎక్కింతురు. చల్లారిన పిమ్మట భాగములన్నియు ఒక సన్నని చట్రమునకు అంటుకొని, తీగెకు కాయలవలె బయటకు వచ్చును. ఇంగ్లండునందు ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1952లో గోల్డెన్ హైండ్ అను ఓడను ఇట్టి విడిభాగములుగా అమ్మి, ఈ వ్యాసంగమును సామాన్యుల యింటికి చేర్చెను. జపానులోని షిజువోకాలో 1946లో కలప పనితో ఆరంభమైన టమియా సంస్థ 1960లో ప్లాస్టిక్కు నమూనాలకు మరలెను.

అచ్చునుండి భాగములు సులభముగా ఊడుటకు వాడిన జిడ్డు వానిపై మిగిలియుండవచ్చును. జిడ్డుపై రంగు నిలువదు. కావున గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టుట మొదటి పని. భాగమును చట్రమునుండి చేతితో విరువరాదు. చిన్న కటింగు ప్లయరుతో కొంచెము ఎడముగా కత్తిరించి, మిగిలిన మొటికను పదునైన కత్తితో చెక్కి, ఆకురాయితో నునుపు చేయవలెను. అచ్చు పలకలు రెండును కలిసినచోట సన్నని గీత యొకటి ఏర్పడును. కారు దేహముపై నిది చక్రముల పైనుండు వంపులమీదుగా పోవుట కద్దు. రంగు వేయకముందు కంటికానని ఈ గీత మెరుగుపెట్టిన పిదప వెక్కిరించును. కారు షెడ్డులలో వాటరు పేపరని పిలుచు గరుకుకాగితమును తడిపి, దానితో ఆ గీతను మాయము చేయవలెను. గుంటలున్నచోట లప్పము పెట్టవలెను.

అతికించుటలోను ఒక విశేషమున్నది. ఈ పనికి వాడు ద్రావకము నిజమునకు జిగురు కాదు. అది పాలిస్టైరీనును పైపైన కరగించును. రెండు అంచులును కరగి ఒకదానిలో నొకటి కలిసి గట్టిపడును. కమ్మరి కొలిమిలో ఇనుమును అతికినట్లే యిది. కాబట్టి సన్నని కుంచెతో ఒక చుక్క చాలును; ఎక్కువైనచో భాగమే మెత్తబడి వంగును. అద్దములకు మాత్రము ఈ ద్రావకము తగదు. క్షణములో అంటు సైనోయాక్రిలేటు జిగురును తగదు. దాని ఆవిరి సోకి అద్దము మసకబారును. అద్దమునకు వడ్రంగులు వాడు తెల్లజిగురే శ్రేష్ఠము.

అన్నియు అతికి ఆపై రంగు వేయుదమనుకొనుట పొరపాటు. దేహము, అడుగుభాగము, ఆసనములు, ఇంజను వేరువేరుగా రంగు వేసికొని కడపట కూర్చవలెను. ఈ-టైప్ కారు ముక్కుభాగమంతయు ముందునకు తెరచుకొనును గనుక లోనున్న ఆరు సిలిండర్ల ఇంజను చక్కగా కనబడును. అచ్చట అశ్రద్ధ దాగదు. దేహమునకు తొలుత బూడిదరంగు ప్రైమరును పలుచగా పట్టింపవలెను. దాగిన గీతలను అది బయటపెట్టును. తరువాత అసలు రంగును ఒక్కసారి చిక్కగా గాక, మూడు నాలుగు మారులు పలుచగా, ఒక పొర ఆరిన పిదప మరియొకటిగా చల్లవలెను.

ఒక వానకాలపు సాయంత్రము మేము ఈ నియమమును మీరితిమి. ఎఱ్ఱని లాకరు రంగు చల్లిన కొన్ని నిమిషములకే కారంతయు బూడిద పూసినట్లు తెల్లబారెను. రంగు చెడినదనుకొని, దానిని కప్పుటకు వెంటనే మఱి రెండు పొరలు చల్లితిమి. తెలుపు పోలేదు, తలుపుల గీతలు మాత్రము పోయెను. తప్పు రంగుది కాదు. లాకరులోని ద్రావకము వేగముగా ఆవిరియగుచు దేహమునందలి వేడిని హరించును. చల్లబడిన ఉపరితలముపై గాలిలోని తేమ మంచువలె పేరుకొనును. మన కోస్తా ప్రాంతమున వర్షర్తువులో ఇది తరచు జరుగును. పొడి దినము కొఱకు వేచియుండుటయే దీనికి మందు. మేము ఆ రంగునంతయు గీకి, గీతలను సూదిమొనతో మరల తీర్చి, మొదటినుండి ఆరంభించితిమి. ఒక సాయంత్రపు తొందర మాకు మూడు వారముల పనియైనది.

రంగు బాగుగా ఆరిన పిమ్మట పారదర్శకమైన పైపూత వేసి, అదియు గట్టిపడనిచ్చి, 1500, 2000 అంకెల వాటరు పేపరుతో తడిపి రుద్ది, మెరుగుపిండితో తోమవలెను. అంచులపై చేయి తేలికగా పోనిండు. రంగు మొదట అరుగునది అక్కడనే. ఈ-టైప్ చక్రమునకు 72 తీగె ఆకులు కలవు. నమూనా చక్రమున వాని నడుమ పలుచని నల్లరంగు పారించినచో లోతు కనబడును. టైరు మెరయరాదు, రోడ్డు తాకు చోటును గరుకుకాగితముతో కొంచెము రుద్దిన చాలును.

ఈ ద్రావకముల ఆవిరి ఆరోగ్యమునకు హాని, నిప్పునకును ఆహుతి. గాలి యాడుచోట, పొయ్యికి దూరముగా, తగిన ముసుగు ధరించి పనిచేయవలెను. పిల్లలు చేయుచో పెద్దలు ప్రక్కన నుండవలెను.

మొదటి నమూనా ఎవ్వరికిని నిర్దోషముగా రాదు. దానిని పారవేయవలదు. మా యెఱ్ఱకారు నేటికిని బల్లపై నున్నది; ఎడమ తలుపు గీత సూది తగిలినచోట కొంచెము వంకరపోయినది. రంగుడబ్బా మూత తీయబోవునప్పుడెల్ల మేము ముందు దానివైపు చూచి, పిదప కిటికీలోనుండి ఆకాశమువైపు చూతుము.