లారీ దీపాలు దారిలో ఎందుకు ఆరిపోతున్నవి?



వ్యవసాయ విస్తరణాధికారి విత్తనాలు, ఎరువులు, తెగుళ్లు చెప్పవలసినవాడు గాని లారీ దీపాల సంగతి వీనికెందుకని మీలో కొందరు అనుకోవచ్చు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. కాని యాసంగి కోతలప్పుడు మన ఎల్లారెడ్డి ప్రాంతంలో పగలంతా కాంటాలతో, బస్తాలతోనే సరిపోతుంది. లారీ కదిలేసరికి చీకటి పడుతుంది. బండి మిల్లుకు చేరి వడ్లు దింపుకొన్న దాకా రైతుకు కంటిమీద కునుకు వుండదు. ఏప్రిల్, మే నెలలలో వాన ఎప్పుడు దిగుతుందో చెప్పలేము. అటువంటి రాత్రి లింగంపేట దారిలో దీపాలారి బండి నిలిచిపోతే అది కేవలం డ్రైవరు బాధ కాదు.

ఒక యాసంగిలో సరిగ్గా అదే జరిగింది. కొనుగోలు కేంద్రం నుంచి బయలుదేరిన లారీ గంట తిరగకముందే డ్రైవరు నాకు ఫోను చేశాడు. "సారూ, కొత్త లైట్లు ఏపిచ్చి నెల గాలే. ఎడమ దిక్కుది కొట్టుకుంటున్నది, కుడి దిక్కుది అసలే ఎలుగుతలేదు. గుడ్డిగ ఎట్ల పోవాలె?" అన్నాడు. మోటార్లు విప్పి బాగుచేసే అలవాటున్న ఒక రైతును వెంటబెట్టుకొని పోయాను. బల్బులు బాగానే వున్నవి. పెట్టెలు బాగానే వున్నవి. ఎర్త్ తీగను రంగు వేసిన రేకుమీద ఒక చిన్న స్క్రూతో బిగించారు. దాని కింద తుప్పు పట్టింది. ఆ రైతు చాకుతో రంగు గీకి, తుప్పు తీసి, గట్టిగా బిగించగానే రెండు దీపాలూ వెలిగినవి. కొత్త కిట్టు కొనాలని డ్రైవరు అప్పటికే నిశ్చయించుకొని వున్నాడు!

నేను డిప్లొమా చదివింది వ్యవసాయంలో, మోటారు పనిలో కాదు. ఆ రాత్రి తరువాత ఆ రైతు పక్కన కూర్చుని, చేతిలో మీటరు పట్టుకొని నేర్చుకొన్నదే మీకు చెబుతున్నాను.

బండితో వచ్చే మామూలు హాలోజన్ బల్బులో సన్నని తీగ కాగి వెలుగునిస్తుంది. ఇప్పుడు బయట కొని వేయించుకొనే హెచ్.ఐ.డి. బల్బులో తీగ వుండదు. జినాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు నింపిన చిన్న బుడ్డిలో రెండు మొనల మధ్య మెరుపు నిలబడి వెలుగుతుంది. 1991లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ తన పెద్ద కార్లకు బిగించి అమ్మడంతో ఈ దీపం రోడ్డుమీదికి వచ్చింది. ఆ మెరుపు పుట్టించడానికి 20 వేల వోల్టులకు పైగా ఒక దెబ్బ కొట్టాలి. పుట్టిన తరువాత సుమారు 85 వోల్టులు చాలు. బ్యాటరీ కరెంటును ఇట్లా మార్చి ఇచ్చే పెట్టెను బ్యాలస్టు అంటారు. ట్యూబులైటుకు చోకు ఎట్లాగో దీనికి ఇది అట్లాగు. కనుక దీపం వెలుగుతుండగా బ్యాలస్టుకు, బల్బుకు మధ్యనున్న తీగలను ముట్టుకొనరాదు. పని మొదలుపెట్టే ముందు స్విచ్చి ఆపి, బ్యాటరీ ఎర్త్ తీగ విప్పవలెను.

ఇక రోగం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. 12 వోల్టుల బండిలో పాత 55 వాట్ల బల్బు సుమారు ఐదు ఆంపియర్లు తీసుకుంటుంది. 35 వాట్ల హెచ్.ఐ.డి. నిలకడగా వెలిగేటప్పుడు మూడు, నాలుగు ఆంపియర్లే తీసుకుంటుంది. "భారం తగ్గింది గదా, పాత వైరే చాలు" అని మెకానిక్కు అంటాడు. లెక్క తప్పేది ఇక్కడే. వెలిగించిన మొదటి కొన్ని సెకండ్లు ఇది అంతకు రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ గుంజుతుంది. పైగా రెండింటి స్వభావమే వేరు. హాలోజన్ బల్బు సాధువైన ఎద్దు వంటిది. మేత తగ్గితే పని తగ్గిస్తుంది, అంటే మసకగా వెలుగుతుంది. బ్యాలస్టు అట్లా ఊరుకోదు. వోల్టేజి తగ్గినకొద్దీ తన 35 వాట్లు తనకు కావాలని కరెంటు ఎక్కువ గుంజుతుంది. ఎక్కువ గుంజితే సన్నని తీగలో వోల్టేజి ఇంకా పడిపోతుంది. చివరికి బ్యాలస్టు చేతులెత్తేసి ఆగిపోతుంది. ఆగగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది, దీపం మళ్లీ రాజుకుంటుంది. మనం కొట్టుకుంటున్నదనేది ఇదే. బల్బు చెడిపోయిందని దానినే నిందిస్తాము.

వోల్టేజి పడిపోవడమంటే ఏమిటి? పోచారం కాలువ కింద ఆఖరి మడి రైతుకు ఈ సంగతి నేను చెప్పనవసరం లేదు. తూములన్నీ మూసి వున్నప్పుడు కాలువ పొడుగునా నీరు నిండుగానే కనిపిస్తుంది. ఆఖరి మడికి తూము ఎత్తినప్పుడే కాలువలో పూడిక ఎంత వున్నదో తెలుస్తుంది. కరెంటు తీగ కూడా అంతే. దీపం వెలగనప్పుడు హోల్డరు దగ్గర మీటరు పెడితే, తీగలో పది పోగులు తెగి ఒక్కటే మిగిలివున్నా 12 వోల్టులు చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి చాలామంది మోసపోతారు. దీపం వెలుగుతుండగానే కొలవవలెను. అసలే వెలగకపోతే, పాత హాలోజన్ బల్బును ఆ హోల్డరుకు తగిలించి కొలవవచ్చు. అందుకే పాత బల్బులు పారవేయకండని నేను చెబుతుంటాను. ఐతే కాలువ నీరు పొలంలో ఇంకిపోతుంది గాని కరెంటు తిరిగి బ్యాటరీకి చేరవలెను. ఆ తిరుగు దారే ఎర్త్. మనవాళ్లు పోయే దారి చూస్తారు, వచ్చే దారి మరిచిపోతారు.

కొలిచే విధానం కష్టమేమీ కాదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ రెండు కొనల మధ్య చూడండి. 12 వోల్టుల బండిలో సుమారు 14 వుండాలి. అది 13కు కూడా రాకపోతే డైనమో సంగతో, బెల్టు సంగతో ముందు చూసుకోవలెను. తరువాత దీపం వేసి, మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండవ కొన బ్యాలస్టుకు వచ్చే ప్లస్ తీగ మీద పెట్టండి. అర వోల్టుకు మించి చూపితే ఆ దారిలో ఎక్కడో పూడిక వున్నదన్నమాట. అది జాయింటు కావచ్చు, స్విచ్చి కావచ్చు, ఫ్యూజు పట్టీ కావచ్చు. అదే విధంగా ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండవది బ్యాలస్టు ఎర్త్ తీగ మీద పెట్టండి. ఇక్కడ 0.2 వోల్టుకు మించరాదు. నేను చూసిన బండ్లలో సగానికి పైగా ఈ ఎర్త్ దగ్గరనే దొరికినవి.

ఒక దీపం వెలిగి రెండవది వెలగకపోతే మీటరు కూడా అక్కరలేదు. ఎడమ బల్బు కుడికి, కుడిది ఎడమకు మార్చి చూడండి. తప్పు బల్బుతో పాటు పక్క మారితే బల్బు పోయింది. మారకపోతే బ్యాలస్టులను మార్చి చూడండి. అప్పుడూ మారకపోతే దోషం తీగలదే. బల్బు మార్చేటప్పుడు చమురు చేతులతో గాజును ముట్టకండి.

రెండు దీపాలూ మొదటి రోజునుంచే వెలగకపోతే ప్లస్, మైనస్ తారుమారైనదేమో చూడవలెను. హాలోజన్ బల్బుకు ఎటు తగిలించినా ఒకటే. బ్యాలస్టుకు అట్లా కాదు. కొన్ని బండ్లలో స్విచ్చి ప్లస్ వైపు వుంటుంది, కొన్నింటిలో ఎర్త్ వైపు వుంటుంది. హోల్డరులో ఏ కాలు ఏదో మీటరుతో తెలుసుకోకుండా ప్లగ్గు గుచ్చితే దీపం ఉలకదు, పలకదు.

పెద్ద లారీల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి వున్నది. ట్రాక్టరు, చిన్న ట్రాలీ బండి సాధారణంగా 12 వోల్టులవి. పెద్ద లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. డి.సి.ఎం. వంటి నడిమి బండ్లు రెండు రకాలూ వున్నవి. బ్యాటరీలు లెక్కపెట్టి ఊరుకోక మీటరు పెట్టి చూడవలెను. 24 వోల్టుల బండికి 12 వోల్టుల కిట్టు తగిలిస్తే బ్యాలస్టు కాలిపోతుంది. ఇది తెలిసిన కొందరు తెలివిగా రెండు బ్యాటరీల నడుమ నుంచి 12 వోల్టులు తీస్తారు. దీపాలు చక్కగా వెలుగుతవి, డబ్బు మిగిలిందని సంతోషం. కాని రెండెడ్ల అరకలో ఒక్క ఎద్దు మీదనే బరువు వేసినట్లు, ఒక బ్యాటరీ మాత్రమే ఖాళీ అవుతుంటుంది. డైనమో రెండింటికీ ఒకే కరెంటు పంపిస్తుంది. కనుక ఒకటి ఎన్నడూ నిండదు, రెండవది ఎక్కువై లోపలి నీరు మరిగిపోతుంది. కొన్నాళ్లకు తెల్లవారుజామున లారీ స్టార్టు కాదు. బ్యాటరీలు నాసివని దుకాణదారుమీద తగవుకు పోతారు. 24 వోల్టుల బ్యాలస్టు కొనడమో, 24ను 12గా మార్చే కన్వర్టరు పెట్టడమో సరియైన పద్ధతి.

బిగించే తీరు ఇట్లా వుండవలెను. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ నేరుగా తీయండి. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టండి; 12 వోల్టుల బండిలో రెండు 35 వాట్ల దీపాలకు 20 ఆంపియర్లది సరిపోతుంది. ఫ్యూజు దూరంగా పెడితే దానికి ముందున్న తీగ రేకుకు ఒరుసుకొన్నప్పుడు కాపాడేవారు వుండరు. వరిగడ్డి మోసే బండిలో దాని ఫలితం ఊహించుకోండి. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని రాగి పోగు చుట్టడం మరీ ప్రమాదం. ఫ్యూజు నుంచి తీగ రిలే 30వ కాలుకు పోవాలి. 87 నుంచి బ్యాలస్టులకు పోవాలి. పాత హెడ్‌లైటు తీగ 86కు, ఎర్త్ 85కు. ఇప్పుడు పాత సన్నతీగ రిలేను లేపితే చాలు, బరువంతా కొత్త తీగ మోస్తుంది. షట్టరు తిప్పేది మనిషి చేయి, పారేది కాలువ నీరు. పాత తీగ దీపాన్ని ఆపి వేసే పని మాత్రమే చేస్తుంది.

బ్యాలస్టును ఇంజను వేడి తగలనిచోట, తీగలు కిందికి వచ్చేటట్లు బిగించవలెను. పైకి వుంటే లారీ కడిగిన ప్రతిసారి నీరు తీగ వెంబడి లోపలికి దిగుతుంది. ఇంకొక మాట. దీపం వేయగానే క్యాబిన్‌లోని రేడియో గరగరమంటే బ్యాలస్టు తీగలు రేడియో తీగల పక్కనే పోతున్నవని గ్రహించండి. మా ప్రసంగం సరిగా వినరాకపోతే ప్రతిసారీ ఆకాశవాణివారిని తప్పుపట్టవద్దని మనవి.

డిమ్ము, ఫుల్లు రెండూ వున్న కిట్టులో బల్బును ముందుకు వెనుకకు జరిపే చిన్న అయస్కాంతం వుంటుంది. ఫుల్లు పడకపోతే బ్యాలస్టును విప్పకండి. ఆ అయస్కాంతానికి పోయే సన్నతీగ చూడండి. ఈ దీపం పూర్తి వెలుగుకు రావడానికి కొన్ని సెకండ్లు పడుతుంది గనుక మాటిమాటికీ ఆపి వేయడం దీనికి పనికిరాదు. ఇంజను స్టార్టయిన తరువాతనే దీపం వేయవలెను.

ఇంత చెప్పిన తరువాత నా అభిప్రాయం కూడా చెప్పాలి గదా. హాలోజన్ బల్బుకోసం చేసిన డూములో ఈ బల్బు పెడితే వెలుగు పద్ధతిగా పడదు, చెదరిపోతుంది. ఎదురుగా సైకిలుమీద వచ్చేవానికి కండ్లు చీకట్లు కమ్ముతవి. ఆ సైకిలు మన పక్క ఊరి రైతుదే కావచ్చు. చట్టం కూడా ఒప్పదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. కంపెనీవారే ఈ దీపం పెట్టి ఇచ్చిన బండి సంగతి వేరు.

కనుక కిట్టు కొనేముందు, వున్న హాలోజన్ బల్బు దగ్గరనే వోల్టేజి కొలిచి చూడండి. బల్బుకు వోల్టేజి నూటికి పది తగ్గితే వెలుగు నూటికి ముప్పై దాకా తగ్గుతుంది. మా దగ్గర ఒక పెద్దాయన ట్రాక్టరు దీపాలు మిణుగురుల్లాగా వున్నవని కిట్టు తేవడానికి కామారెడ్డి ప్రయాణం కట్టాడు. "ఆగు తాతా, ఒక్కసారి చూద్దాం" అని మీటరు పెడితే బల్బు దగ్గర 10.6 వోల్టులే వున్నవి. నేను పైన చెప్పిన రిలే, కొత్త తీగ, శుభ్రమైన ఎర్త్ వేయించాము. 13.4కు వచ్చింది. "గిదే బలుపా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. అదే బల్బు.

ఏ దీపమైనా సరే, పని ముగిసిన తరువాత చదునైన నేలమీద, గోడకు 25 అడుగుల దూరంలో బండిని నిలిపి డిమ్ము వేసి చూడండి. వెలుగు పై అంచు దీపం ఎత్తుకంటె రెండు మూడు అంగుళాలు కిందికి వుండాలి. బరువు వేస్తే బండి వెనుక దిగి ముందు లేస్తుంది గనుక ఈ పరీక్ష బస్తాలు నింపిన తరువాత మరొకసారి చేసి స్క్రూ సరిచేసుకోవలెను.