ఊదా రంగు పడ్డ పొలాలు

మాస్టర్ ప్లాన్ నక్షాలో ఊదా రంగు పరిశ్రమలకు గుర్తు. పసుపు ఇళ్లకు, నీలం వ్యాపారాలకు, ఆకుపచ్చ పార్కులకూ ఖాళీ జాగాలకూ. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో కూర్చున్నవాళ్లకు ఇవి రోజూ చూసే రంగులే. రైతుకు తెలిసిన కాగితం వేరు. పహాణీలో సర్వే నంబరు, పాస్‌బుక్కులో ఎకరాలు, గుంటలు. 2022 చివర్లో తెలంగాణలోని కామారెడ్డి మున్సిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాను బయటపెట్టాక, చుట్టుపక్కల రైతులకు ఒకటే పని అయింది: తన సర్వే నంబరు ఏ రంగు కింద పడిందో వెతుక్కోవడం.

అలా వెతుక్కున్న ఊళ్లలో సదాశివనగర్ మండలంలోని అడ్లూర్ ఎల్లారెడ్డి ఒకటి. పరిశ్రమ అంటే తెలియని ఊరేం కాదు, గాయత్రి చక్కెర ఫ్యాక్టరీ ఉన్నది అక్కడే. కాబట్టి ఫ్యాక్టరీ పేరు వింటేనే బెదిరిపోయారనడానికి లేదు. వాళ్ల బాధ వేరు. 2023 జనవరి 4న ఆ ఊరి రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. ఊదా రంగు వేసిన ఇండస్ట్రియల్ జోన్‌లో భూమి పోతుందన్న దిగులే కారణమని ఇంటివాళ్లు, తోటి రైతులు చెప్పారు. మర్నాడు ట్రాక్టర్లు కట్టుకుని రైతులు కామారెడ్డికి కదిలారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా వచ్చారు. కలెక్టరేట్ ముందు బారికేడ్లు, తోపులాట, పొద్దుగూకినా లేవని ధర్నా. 6న పట్టణం బంద్.

అధికారుల జవాబు సూటిగానే ఉంది. ఇది ముసాయిదా మాత్రమే. జోన్ మార్చడం వేరు, భూసేకరణ వేరు. ఇండస్ట్రియల్ జోన్ అని గీసినంత మాత్రాన ఎవరి పట్టా ఎక్కడికీ పోదు, సాగు ఆపనక్కర్లేదు. అభ్యంతరాలకు అరవై రోజుల గడువు ఉంది, జనవరి 11 దాకా ఇవ్వొచ్చు.

చట్టం ప్రకారం ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. భూసేకరణకు 2013 నాటి వేరే చట్టం ఉంది. దాని కింద విడిగా నోటీసు ఇవ్వాలి, పరిహారం కట్టాలి. కానీ రైతు లెక్క ఇక్కడే తేడా కొడుతుంది. రంగు మారితే భూమి పోకపోవచ్చు, ధర పోతుంది. హైవేకు, పట్టణానికి దగ్గరున్న పొలాన్ని రేపు ఇళ్ల ప్లాట్లకు అమ్ముకోవచ్చన్న ఆశ మీద ఎన్నో ఇళ్ల లెక్కలు నడుస్తాయి. ఇండస్ట్రియల్ జోన్‌లోనో గ్రీన్ జోన్‌లోనో పడితే లేఅవుట్‌కు అనుమతి రాదు. వంద అడుగుల రోడ్డు గీత పొలం మధ్యలోంచి పోతే కొనేవాడు ముందే వెనక్కి తగ్గుతాడు. ఈ ముక్క ఊరూరా కూర్చోబెట్టి మొదటి వారంలోనే చెప్పి ఉంటే గొడవ ఇంత దూరం వచ్చేది కాదేమో. వివరణ మొదలయ్యేసరికి ఊళ్లో ఒకరు చనిపోయారు.

ఇంకో చిక్కు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామ పంచాయతీ. అక్కడివాళ్లకు కామారెడ్డి కౌన్సిలర్‌ను ఎన్నుకునే ఓటు లేదు. కామారెడ్డి ఎమ్మెల్యేకూ ఓటు వేయరు, సదాశివనగర్ మండలం ఎల్లారెడ్డి నియోజకవర్గం కిందికి వస్తుంది. నక్షా గీయించిందేమో పక్క పట్టణం. ఆ పట్టణాన్ని అడగాలంటే ఈ ఊరివాళ్లు ఏ కౌన్సిలర్ గడప తొక్కాలి?

వార్డు ఉన్నవాళ్లకైనా దారి అంత సులువు కాదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కో దాంట్లో పదిహేను మంది. కామారెడ్డికి 49 వార్డులు కాబట్టి దాదాపు మూడు వేల మంది మున్సిపాలిటీకి సలహా చెప్పేవాళ్లు ఉండాలన్నమాట. మన వార్డు కమిటీల జాబితాలు కాగితం మీద మాత్రం నిండుగానే కనిపిస్తాయి.

జనవరి రెండో వారానికి ఒత్తిడి కౌన్సిలర్ల మీదికి మళ్లింది. రైతులు ఐక్య కార్యాచరణ కమిటీగా ఏర్పడి, ప్లాన్‌కు వ్యతిరేకంగా నిలబడండి, లేదంటే రాజీనామా చేయండి అని వాళ్లనే నిలదీశారు. కొందరు రాజీనామా బాట పట్టారు. ఇంకోపక్క కొందరు రైతులు హైకోర్టు మెట్లెక్కారు. చివరికి జనవరి 20న కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. ఇలాంటి గొడవతోనే అట్టుడికిన జగిత్యాలలోనూ ఆ రోజుల్లోనే అలాంటి తీర్మానమే వచ్చింది.

ఈ ఉద్యమంలో ముందు నిలిచిన కాటిపల్లి వెంకటరమణా రెడ్డి అదే ఏడాది డిసెంబరులో కామారెడ్డి నుంచి బీజేపీ తరఫున అసెంబ్లీకి గెలిచారు. ఓడినవాళ్లలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, కాంగ్రెస్ నేత రేవంత్ రెడ్డి ఇద్దరూ ఉన్నారు. ఆ ఫలితానికి మాస్టర్ ప్లానే కారణమంటే అతి అవుతుంది. అసలే లెక్కలోకి రాలేదనుకున్నా పొరపాటే.

పెరిగే పట్టణానికి ప్లాన్ లేకుండా కుదరదు. రద్దయినదాని చోట ఏదో ఒక రోజు మళ్లీ నక్షా వేలాడుతుంది. అప్పుడు అభ్యంతరం రాసేవాళ్లకు పెద్ద భాష అక్కర్లేదు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఇప్పుడు అందులో వేసిన పంట, ఏ రంగు వేశారు, ఎందుకు వద్దంటున్నారు. వెనక పాస్‌బుక్ జిరాక్స్. ఒక కాపీ మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. వార్డులో ఓటు లేని సదాశివనగర్ రైతు కూడా ఆ ఆఫీసులో ఈ కాగితం ఇచ్చి రావచ్చు.