దుఃఖంలోనూ సంతృప్తి: విశ్వాసి దైనందిన జీవితం

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, ఆయన క్షమాభిక్షనే కోరుకుంటున్నాము. మహాప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా అల్లాహ్ శాంతి శుభాలను వర్షింపజేయుగాక!

ధర్మసోదరులారా!

నేడు ఫజర్ వేళ మేల్కొన్న మన చేయి దుఆ కోసం లేవకముందే ఫోను వైపు సాగుతోంది. గాజాలో శిథిలాల క్రింద పసిపిల్లలు, ఎక్కడో రైలు ప్రమాదం, సముద్రంలో వాయుగుండం, ఉద్యోగాలు పోతాయన్న వదంతి: ఇవన్నీ వుజూ చేయకముందే మన హృదయంలో ప్రవేశిస్తున్నాయి. వీటికి తోడు ప్రతి ఇంటికీ తనదైన దుఃఖం ఒకటి ఉండనే ఉంది.

ఈ స్థితిలో మన యువకులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. లోకం ఇలా కన్నీరు కారుస్తుండగా మనం ఇంట్లో వలీమా విందు చేసుకోవటం, పిల్లలతో నవ్వుకోవటం కఠిన హృదయానికి గుర్తు కాదా? మరోవైపు కొందరు పెద్దలు, ఆప్తులను పోగొట్టుకుని విలపించేవారిని చూసి, ఏడిస్తే ఈమాన్ బలహీనపడుతుందని మందలిస్తున్నారు. ఒకరు సంతోషాన్ని పాపంగా భావిస్తున్నారు, మరొకరు దుఃఖాన్ని పాపంగా భావిస్తున్నారు. ఈ రెండు అభిప్రాయాలనూ ఖుర్ఆన్, సున్నతుల వెలుగులో పరిశీలిద్దాం.

పరీక్షలు మనకు క్రొత్త కాదు

భయంతోనూ, ఆకలితోనూ, ధన ప్రాణ నష్టాలతోనూ, పంటల నష్టంతోనూ తన దాసులను పరీక్షిస్తానని అల్లాహ్ అల్ బఖరా సూరా 155వ వాక్యంలో ముందుగానే తెలియజేశాడు. మన ప్రాంతం వీటన్నింటినీ చవిచూసింది. మన పద్మనాభం కొండ పరిసరాలలోనే 1794 జూలై 10న విజయనగర ప్రభువు చిన్న విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి అనేకమంది అనుచరులతో సహా నేలకొరిగారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటి నగరాన్ని చీకటిలో ముంచింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు వెలువడి 12 మంది మరణించారు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య రెండు ప్యాసింజరు రైళ్ళు ఢీకొన్నాయి. ఉక్కు కర్మాగారంలో వాటాల ఉపసంహరణకు 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపిన నాటి నుండి వేలాది కుటుంబాలు ఆందోళనతో రోజులు గడిపాయి.

వీటిని గుర్తుచేయటం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఒకప్పుడు రక్తం చిందిన ఆ కొండ చుట్టుప్రక్కల నేడు వరి నాట్లు పడుతున్నాయి. అల్లాహ్ కష్టాన్ని శాశ్వతంగా ఉంచలేదు. కష్టంతో పాటు సౌలభ్యం ఉన్నదని ఆయన అల్ ఇన్షిరాహ్ సూరాలో ఒకటి కాదు, రెండుసార్లు తెలిపాడు.

కన్నీరు ఈమాన్‌కు విరుద్ధం కాదు

హజ్రత్ యాఖూబ్ (అ) తన కుమారుడు యూసుఫ్ (అ) కోసం ఎంతగా దుఃఖించారంటే, ఆయన కనులు తెల్లబడిపోయాయని యూసుఫ్ సూరా చెబుతోంది. ఆయన దైవప్రవక్త. అయినా విలపించారు. అయితే తన బాధను, వేదనను అల్లాహ్‌కు మాత్రమే మొరపెట్టుకుంటున్నానని పలికారు. సబర్ అంటే కన్నీటిని ఆపుకోవటం కాదు, అల్లాహ్ తీర్పుపై నాలుకను అదుపులో ఉంచుకోవటం.

మన ప్రవక్త (స) తన పసికుమారుడు ఇబ్రాహీమ్ తుదిశ్వాస విడిచే వేళ కన్నీరు కార్చారు. సహచరులు ఆశ్చర్యపోగా అది కారుణ్యమని బోధించారు. కన్ను చెమ్మగిల్లుతుంది, హృదయం దుఃఖిస్తుంది, కాని ప్రభువుకు నచ్చని మాట నోట రాదు అన్నది ఆ బోధన సారాంశం. కనుక మరణం సంభవించిన ఇంటికి తాజియత్ కోసం వెళ్ళేవారు ఏడవవద్దని గద్దించకండి. ప్రక్కన కూర్చోండి. అదే సున్నత్‌కు దగ్గర.

సంతోషం కఠినత్వం కాదు

ఇక యువకుల ప్రశ్నకు వద్దాం. హిజ్రీ 2వ సంవత్సరం, రమజాన్ 17న బద్ర్ యుద్ధం జరిగింది. ఆ విజయవార్త మదీనా చేరేసరికి ప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) ఖననం జరుగుతోందని చరిత్రకారులు వ్రాశారు. ముస్లిముల మొదటి ఈదుల్ ఫితర్ ఆ సంవత్సరమే, అంటే రెండు వారాలైనా గడవకముందే వచ్చింది. కుమార్తెను పోగొట్టుకున్న తండ్రి హృదయం ఎలా ఉంటుందో మనలో పిల్లలున్న ప్రతి ఒక్కరూ ఊహించగలరు. అయినా ఈద్ ఆగలేదు. ఎందుకనగా ఈద్ ఆనందం మన పరిస్థితులపై ఆధారపడినది కాదు, అల్లాహ్ అనుగ్రహానికి తెలిపే షుక్ర్. దుఃఖమూ, కృతజ్ఞతా ఒకే హృదయంలో కలసి నివసించగలవు.

ఎవరు తన వారి మధ్య నిర్భయంగా, శరీర ఆరోగ్యంతో, ఆ రోజుకు సరిపడు ఆహారంతో తెల్లవారి లేస్తారో వారికి ప్రపంచమంతా సమకూరినట్లేనని తిర్మిజీ హదీసు తెలుపుతోంది. సోదరులారా! నిర్భయం, ఆరోగ్యం, ఒక రోజు ఆహారం: గాజాలోని తల్లి ఈ మూడింటి కోసమే అల్లాడుతోంది. అవి మన ఇంట ఉండగా వాటిని రుచించకుండా నిట్టూర్చటం ఆ తల్లికి మేలు చేయదు. వాటికి షుక్ర్ చెల్లించి, అందులో నుండి సదఖా తీసి, ఆమె కోసం దుఆ చేయటమే మేలు చేస్తుంది.

ఖనాఅత్ అనగా చేతులు ముడుచుకోవటం కాదు

సంతృప్తి పేరుతో సోమరితనాన్ని, అన్యాయాన్ని సహించటాన్ని సమర్థించరాదు. సిరియాలో ప్లేగు వ్యాపించిందని విని హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. విధివ్రాత నుండి పారిపోతున్నారా అని అడుగగా, అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపునకే వెళుతున్నామని సమాధానమిచ్చారు. కర్మాగారంలో కార్మికుని భద్రత కోరటం, న్యాయమైన వేతనం అడగటం, తుఫాను హెచ్చరిక రాగానే పల్లపు ఇల్లు ఖాళీ చేయటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. శక్తి మేరకు కృషి చేసిన పిదప వచ్చిన ఫలితంపై హృదయం నెమ్మదించటమే ఖనాఅత్.

వార్త విన్నప్పుడు

మన నగరాన్ని తాకిన తుఫానుకు హుద్‌హుద్ అనే పేరును ఒమాన్ దేశం సూచించింది. అన్నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అ) వద్దకు సబా దేశపు వార్త తెచ్చిన పక్షి పేరు కూడా అదే. రూఢియైన వార్త తెచ్చానని ఆ పక్షి చెప్పినప్పటికీ ఆయన వెంటనే నమ్మలేదు, వెంటనే త్రోసిపుచ్చలేదు. అది సత్యమో అసత్యమో చూస్తామని పలికి, లేఖ ఇచ్చి పంపారు. అంటే ముందు నిర్ధారణ, తరువాత కార్యాచరణ. మనం ఈ రెంటినీ విడిచి, వాట్సాప్‌లో పది మందికి పంపటమే బాధ్యత అనుకుంటున్నాము. విన్నదంతా చెప్పుకుంటూ పోవటమే మనిషిని అబద్ధాలకోరును చేయటానికి చాలునని సహీహ్ ముస్లిం హదీసు హెచ్చరిస్తోంది.

కనుక దుర్వార్త అందినప్పుడు మనలను మనం ప్రశ్నించుకుందాం. ఇది నిజమేనా? ఇందులో నేను చేయగల సహాయం ఉందా? ఉంటే చేద్దాం. లేకుంటే దుఆ చేసి ఫోను ప్రక్కన పెడదాం. ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త వచ్చినప్పుడు ప్రవక్త (స) ముఖంలో విషాదం స్పష్టంగా కనిపించింది. అయినా జాఫర్ ఇంటివారికి వంట చేసి పంపమని ఆదేశించారు. దుర్వార్త విన్న ఆ నోటి నుండే ఆకలిగొన్న ఇంటికి అన్నం పంపమన్న మాట వెలువడింది.

నేటి నుండే మూడు పనులు అలవరచుకుందాం. ఫజర్ నమాజ్, ఉదయపు జిక్ర్ పూర్తయ్యేదాకా ఫోను తెరవకుండా ఉందాం. గడచిన దానిపై దుఃఖం నుండి, రాబోయే దానిపై దిగులు నుండి రక్షణ కోరుతూ ప్రవక్త (స) చేసిన దుఆను పిల్లలకు నేర్పుదాం. మన వీధిలో దుఃఖంలో ఉన్న ఒక ఇంటికి, వారు ఏ మతస్థులైనా సరే, ఈ వారంలో భోజనం తీసుకుని వెళదాం.

ప్రళయం ముంచుకు వస్తున్నా చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటమన్నది మన ప్రవక్త (స) ఉపదేశం. హుద్‌హుద్ కూల్చిన చెట్ల స్థానంలో విశాఖ ప్రజలు మరల మొక్కలు నాటారు. నాటే చేతికి నిరాశ తగదు.

ఓ అల్లాహ్! మా దుఃఖాలను నీకే విన్నవించుకునే భాగ్యాన్ని, నీవిచ్చిన దానిపై సంతృప్తిని మాకు ప్రసాదించు. బాధితులందరిపై కరుణ చూపు. మృతులైన విశ్వాసులను మన్నించు. మా ప్రాంతాన్ని ఆపదల నుండి కాపాడు. ఆమీన్.