ఫైల్ సిస్టమ్‌లో మెమరీ భద్రతా లోపం: సెక్వోయా ఉదాహరణ

సూర్యాపేట జిల్లా గరిడేపల్లిలో ఉండే మీరు, మీ లినక్స్ కంప్యూటర్‌లో ఊరి పేరుతోనే ఒక డైరెక్టరీ సృష్టించారనుకోండి. ‘గరిడేపల్లి’ పొడవు ఎంత? గుణింతపు గుర్తులను, పొల్లును విడిగా లెక్కిస్తే 10 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కనుక మొత్తం 30 బైట్లు. కెర్నెల్ అక్షరాలను కాదు, బైట్లనే లెక్కిస్తుంది. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో చూద్దాం.

లినక్స్‌లో ఒక పేరు సాధారణంగా 255 బైట్లు మించదు. అయితే డైరెక్టరీలో డైరెక్టరీ సృష్టించుకుంటూ పోతే మొత్తం పాత్ ఎంతైనా పెరగవచ్చు. మౌంట్ వివరాలు అడిగినప్పుడు కెర్నెల్ ఆ పాత్‌ను ఒక బఫర్‌లో రాస్తుంది. చోటు చాలకపోతే బఫర్‌ను రెట్టింపు చేస్తుంది. పాత్ 1 జీబీ దాటితే బఫర్ 2 జీబీ, అంటే 2,14,74,83,648 బైట్లు అవుతుంది. ఈ సంఖ్యను ‘ఇంట్’ రకపు చరరాశి తీసుకునే ఫంక్షన్‌కు పంపారు. ‘ఇంట్’ గరిష్ఠ విలువ 2,14,74,83,647. ఒక్కటే ఎక్కువ! అంతే, పరిమాణం రుణసంఖ్యగా మారిపోయింది.

ఆ ఫంక్షన్ పాత్‌ను బఫర్ చివరి నుండి వెనక్కి రాస్తుంది. చివర ఎక్కడుందో తెలియాలంటే మొదటి చిరునామాకు పరిమాణాన్ని కలపాలి. పరిమాణం రుణసంఖ్య కావడంతో ‘చివర’ బఫర్‌కు 2 జీబీ ముందు పడింది. అక్కడ, డైరెక్టరీ తొలగించబడిందని తెలిపే 10 బైట్లు రాయబడ్డాయి. చోటు ఉందో లేదో చూసే తనిఖీ లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. కానీ ఆ రుణసంఖ్య నుండి 10 తీసివేయగానే అది తిరగబడి పెద్ద ధనసంఖ్య అయింది, తనిఖీ నెగ్గింది. ఈ లోపంలో విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసింది ఇదే.

క్వాలిస్ సంస్థ పరిశోధకులు దీనిని 2021 జూలై 20న ప్రకటించారు. 2014 నుండి కోడ్‌లో ఉన్న లోపమిది. దాదాపు 10 లక్షల డైరెక్టరీలను ఒకదానిలో ఒకటి సృష్టించి, ఉబుంటు, డెబియన్, ఫెడోరాలలో సాధారణ వినియోగదారు రూట్ అధికారం పొందవచ్చని వారు చూపారు. ఒకే యంత్రాన్ని నలుగురు వాడుకునే చోట, ఒకరి ఫైళ్లు మరొకరి చేతికి చిక్కినట్లే. సవరణ మాత్రం చిన్నది: మితిమీరిన బఫర్ అడిగితే ఇవ్వకుండా ఒక షరతు చేర్చారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ప్రతి డైరెక్టరీ పేరు ‘గరిడేపల్లి’యే అయితే, ఒక్కో ఏటవాలు గీతకు ఒక బైటు కలిపి, పాత్ 1,07,37,41,824 బైట్లు చేరడానికి ఎన్ని డైరెక్టరీలు కావాలి?